మాక్యులా దెబ్బతిన్న కంటికి శుక్లం ఆపరేషన్: ముప్పెంత, మేలెంత?

డెబ్బై దాటిన మనిషికి చూపు మసకబారిందంటే ఇంట్లోవాళ్లకు మొదట గుర్తొచ్చేది శుక్లమే. "కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయిస్తే సరిపోతుంది" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. 2015-19 మధ్య మన దేశంలో జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రకారం 50 ఏళ్లు పైబడినవారి అంధత్వంలో 66.2 శాతానికి కారణం శుక్లాలే. ఆపరేషన్‌తో తిరిగి వచ్చే చూపు అది. అయితే కొందరిలో ఆ పొర వెనక మరో జబ్బు దాగి ఉంటుంది. దాని పేరు వయసుతో వచ్చే మాక్యులా క్షీణత. వైద్యులు పొట్టిగా ఏఎండీ అంటారు. "శుక్లం ఉంది, కానీ వెనక నరాల పొర కూడా దెబ్బతింది" అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదికీ రెండు సందేహాలు వస్తాయి. ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందా? చేయిస్తే ఉన్న కాస్త చూపు కూడా పోతుందా?

రెండో సందేహం మామూలు జనానిదే కాదు. కంటి వైద్యులు కూడా ఇరవై ఏళ్ల పాటు దీని మీద వాదించుకున్నారు.

లెన్సు వేరు, తెర వేరు

కంటిని కెమెరాతో పోల్చడం పాత ఉపమానమే కానీ ఇక్కడ బాగా పనికొస్తుంది. కంటిపాప వెనక పారదర్శకంగా ఉండే లెన్సు వయసుతో పాటు పసుపుబారి, గోధుమరంగుకు తిరిగి, మసకబారుతుంది. అదే శుక్లం. ఆపరేషన్‌లో ఆ లెన్సును తీసి కృత్రిమ లెన్సు పెడతారు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే రెటీనా తెర లాంటిది. ఆ తెర నడిబొడ్డున సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న భాగమే మాక్యులా. దీన్నే పచ్చచుక్క అంటారు. విస్తీర్ణంలో చాలా చిన్నదే. అయినా పేపరు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టడం, బియ్యంలో రాళ్లు ఏరడం, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మాక్యులా కింద ఒక పలుచని కణాల పొర ఉంటుంది. కాంతిని గ్రహించే కణాలు రోజూ వదిలే వ్యర్థాలను శుభ్రం చేయడం దాని పని. వయసు మీద పడేకొద్దీ ఆ పని నెమ్మదిస్తుంది. మిగిలిపోయిన చెత్త చిన్న చిన్న పసుపు చుక్కలుగా పేరుకుంటుంది. వాటిని డ్రూసెన్ అంటారు. ఏఎండీ తొలిమెట్టు ఇదే, ఈ దశలో రోగికి ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత కణాలు కొద్దికొద్దిగా చనిపోతూ పోతే పొడి రకం అంటారు. రోగుల్లో ఎక్కువమందికి ఉండేది ఇదే. కింది పొర నుంచి కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి, వాటి నుంచి నీరు, రక్తం ఊరితే తడి రకం. ఇది తక్కువమందికే వస్తుంది కానీ వారాల్లోనే చూపును దెబ్బతీస్తుంది.

లెన్సు మార్చినంత మాత్రాన తెర బాగుపడదు. ఈ ఒక్క మాట ఆపరేషన్‌కు ముందే రోగికీ, ఇంటివాళ్లకూ అర్థమైతే తర్వాత వచ్చే నిరాశల్లో సగం ఉండవు.

అనుమానం ఎలా పుట్టింది?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో బీవర్ డ్యామ్ అనే ఊళ్లోనూ, ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమర ఉన్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలోనూ వేలమంది పెద్దవాళ్ల కళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. శుక్లం ఆపరేషన్ అయిన కళ్లలో ముదిరిన ఏఎండీ కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించిందని ఆ రెండు అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూసినవారు 2003లో చెప్పారు. దాంతో కలవరం మొదలైంది.

మన దగ్గరా ఇలాంటి జాడే కనిపించింది. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పది వేల మందికి పైగా ప్రజలను పరీక్షించింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు ఇందులో ఉన్నాయి. నలభై దాటినవారిలో దాదాపు 1.8 శాతం మందికి ఏఎండీ ఉన్నట్టు తేలింది. అరవై దాటినవారిలోనూ, చుట్ట తాగే అలవాటు ఉన్నవారిలోనూ, ఇదివరకే శుక్లం ఆపరేషన్ అయినవారిలోనూ అది ఎక్కువగా కనిపించింది. పాశ్చాత్య అధ్యయనాలు సిగరెట్టు గురించి మాట్లాడుతుంటే మన లెక్కల్లో చుట్ట బయటపడింది. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ సంగతి పెద్ద ఆశ్చర్యం కలిగించకపోవచ్చు.

ఆపరేషన్ ఎందుకు హాని చేస్తుందని అనుకున్నారు? రెండు వాదనలు వచ్చాయి. మొదటిది, కోత వల్ల కంట్లో కలిగే వాపు మాక్యులాను రెచ్చగొడుతుందన్నది. రెండోది, పసుపుబారిన పాత లెన్సు నీలికాంతిని అడ్డుకుంటుంది కాబట్టి, దాన్ని తీసేస్తే ఆ కాంతి నేరుగా రెటీనా మీద పడుతుందన్నది. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. కానీ ఒక వాదన సబబుగా ఉండటం, అది నిజమని రుజువు కావడం ఒకటి కాదు.

ముందా, తర్వాతా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. శుక్లం బాగా ముదిరిన కంట్లోకి బయటి నుంచి చూస్తే డాక్టరుకు రెటీనా సరిగా కనబడదు. పొగమంచులో ఊరు కనబడనట్టే. ఆపరేషన్ అయ్యాక మంచు విడిపోతుంది, ఎప్పటి నుంచో అక్కడున్న జబ్బు కనిపిస్తుంది. "ఆపరేషన్ తర్వాత వచ్చింది" అని రాసుకున్న కేసుల్లో నిజంగా ఎన్ని తర్వాత వచ్చాయి, ఎన్ని ముందు నుంచే ఉన్నాయి? అదీకాక శుక్లమూ ఏఎండీ రెండూ వయసు జబ్బులే. పొగతాగడం రెండింటికీ కారణం. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఏఎండీ ఎక్కువ కనిపించడానికి ఆపరేషనే కారణం కానక్కరలేదు.

దీన్ని తేల్చడానికి అమెరికాలో ఒక బృందం రోగులకు ఆపరేషన్‌కు ముందూ, అయిన కొద్ది రోజులకూ, తర్వాత నెలల తరబడీ రెటీనా రక్తనాళాల ఫోటోలు తీసింది. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ముదిరినట్టు కనిపించిన కళ్లలో చాలావాటిలో ఆ మార్పు తొలి వారంలోనే ఉంది. అంటే ముందు నుంచే ఉండి ఉండాలి. ఆ తర్వాతి నెలల్లో కొత్తగా తడి రకంలోకి మారినవి తక్కువే. అదే ఏడాది, 4,757 మందితో సాగిన అమెరికా జాతీయ అధ్యయనం ఏఆర్ఈడీఎస్ కూడా తన సమాచారాన్ని విశ్లేషించి, ఆపరేషన్ వల్ల ఏఎండీ ముదురుతుందనడానికి స్పష్టమైన ఆధారం లేదంది. ఆస్ట్రేలియాలో ఒకే మనిషికి ఒక కంట్లో ఆపరేషన్ అయి రెండో కంట్లో కాని సందర్భాలు తీసుకుని రెండు కళ్లనూ పోల్చి చూశారు. వయసు, పొగతాగే అలవాటు, జన్యువులు రెండు కళ్లకూ ఒకటే కాబట్టి ఇది చక్కని ఉపాయం. మూడేళ్లు గడిచినా రెండు కళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అయితే వాదన పూర్తిగా ముగిసిందనడం కూడా తొందరపాటే. రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి జరిపిన ప్రయోగాలు చాలా తక్కువ. 2017లో కాక్రేన్ సమీక్షకులు వెతికితే దొరికినవి రెండే. రెండింటిలో కలిపి 114 మంది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి తొలి నెలల్లో చూపు మెరుగైందని, దీర్ఘకాలంలో జబ్బు ముదురుతుందా లేదా అన్నది ఇంత చిన్న సంఖ్యతో చెప్పలేమని వారు తేల్చారు. నా లెక్కలో దీని సారం ఇది: ఆపరేషన్ వల్ల మాక్యులాకు ముప్పు ఉందన్న అనుమానం చాలావరకు బలహీనపడింది. ఆ ఒక్క భయంతో అవసరమైన ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేయడానికి ఆధారం లేదు.

ఎంత చూపు వస్తుంది?

కంటి పరీక్ష చార్టులో ఒక్కో వరుసలో ఐదు అక్షరాలు ఉంటాయి. ఏఆర్ఈడీఎస్‌లో శుక్లం ఆపరేషన్ తర్వాత అదనంగా చదవగలిగిన అక్షరాల సగటు ఇలా ఉంది: ఏఎండీ లేనివారికి 8.4, స్వల్పంగా ఉన్నవారికి 6.1, మధ్యస్థంగా ఉన్నవారికి 3.9, ముదిరినవారికి 1.9. అంటే జబ్బు ముదిరేకొద్దీ ఆపరేషన్ ఇచ్చే చూపు తగ్గుతూ వస్తుంది. తగ్గినా సున్నాకు పడిపోలేదు, సగటున ఏ గుంపుకూ నష్టం జరగలేదు.

1.9 అక్షరాలంటే అర వరుస కూడా కాదు. దానికోసం కోత అవసరమా అని అడగొచ్చు. ఇక్కడ చార్టు చెప్పని సంగతులున్నాయి. శుక్లం తీసేశాక వెలుతురు ఎక్కువగా లోపలికి వస్తుంది. రంగులు తేటపడతాయి. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లలో చిమ్మడం తగ్గుతుంది. ఏఎండీ పక్కచూపును ముట్టుకోదు, శుక్లం మాత్రం మొత్తం చూపును కమ్మేస్తుంది. కాబట్టి శుక్లం తీస్తే గుమ్మం, మెట్టు, బాత్రూములో తడి తెలుస్తాయి. ఇంగ్లండులో 70 దాటిన ఆడవాళ్ల మీద జరిగిన ఒక ప్రయోగంలో, శుక్లం ఆపరేషన్ త్వరగా చేసినవారిలో జారిపడటాలు 34 శాతం తగ్గాయని 2005లో వెల్లడైంది. అది ఏఎండీ రోగుల మీద ప్రత్యేకంగా చేసింది కాదు. కానీ తుంటి ఎముక విరిగితే మంచాన పడే వయసులో ఈ లాభాన్ని పక్కన పెట్టలేం. భూతద్దం లాంటి సాధనాలు వాడేవారికి కూడా శుక్లం లేని కంటితో అవి బాగా పనిచేస్తాయి.

చూపు నడిమధ్యలో మరక లాగా కనిపించేది మాత్రం ఆపరేషన్‌తో పోదు. కొందరికి మసక పోయాక ఆ మరక మరింత స్పష్టంగా తెలుస్తుంది. "ఆపరేషన్ చెడిపోయింది" అని ఇంటివాళ్లు అనుకునేది తరచుగా ఇక్కడే.

తడి రకం ఉంటే

తడి ఏఎండీకి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తారు. కొత్త రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఇవి అణచిపెడతాయి. రానిబిజుమాబ్‌కు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. అప్పటిదాకా ఈ జబ్బు వస్తే చూపు పోయినట్టే అనుకునేవారు. క్యాన్సర్ మందైన బెవాసిజుమాబ్ కూడా దాదాపు అంతే బాగా పనిచేస్తుందని 2011లో ఒక పెద్ద పోలిక ప్రయోగం చూపించింది. దాని ధర చాలా తక్కువ కాబట్టి మన దేశంలో ఎందరికో ఇది అందుబాటులోకి వచ్చింది.

ఈ రోగులకు శుక్లం ఆపరేషన్ చేయకూడదన్న నియమం లేదు, వేళ చూసుకోవాలి. రెటీనాలో నీరు ఊరుతూ ఉండగా చేయరు. ముందు కొన్ని నెలలు ఇంజెక్షన్లు ఇచ్చి, స్కానులో మాక్యులా పొడిగా నిలకడగా ఉందని చూసుకుని అప్పుడు చేస్తారు. ఆపరేషన్ పేరుతో ఇంజెక్షన్ల వరుస తప్పించడం అసలైన ప్రమాదం. "మొన్నే కన్ను కోశారు కదా, ఇంకా సూది ఎందుకు" అని మానేసేవారున్నారు. శుక్లం ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది. ఇంజెక్షన్లు అలా అయిపోవు.

పెద్ద వయసు తెచ్చే చిక్కులు

మాక్యులా సంగతి పక్కన పెట్టినా, ఎనభై ఏళ్ల కంటికి ఆపరేషన్ అంటే అరవై ఏళ్ల కంటికి చేసినంత తేలిక కాదు. ఏళ్ల తరబడి వదిలేసిన శుక్లం గోధుమరంగులోకి మారి గట్టిపడుతుంది. దాన్ని ముక్కలు చేయడానికి ఎక్కువ శక్తి, ఎక్కువ సమయం కావాలి. లెన్సును పట్టి ఉంచే సన్నని తీగలు బలహీనపడి ఉండొచ్చు. లెన్సు సంచి వెనక పొర చిరిగే అవకాశం పెరుగుతుంది. కార్నియా లోపలి కణాలు దెబ్బతింటే కంటి ముందు భాగం నీరుపట్టి మసకగా ఉండిపోవచ్చు. వాయిదాలకూ ఒక మూల్యం ఉందని చెప్పడానికే ఇదంతా.

మగవాళ్లు తప్పక చెప్పాల్సిన మందు ఒకటుంది. ప్రోస్టేట్ వాపుకు వాడే టామ్సులోసిన్. ఇది వాడేవారిలో ఆపరేషన్ సమయంలో కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ వదులై, అలలా ఊగి, పాప ముడుచుకుపోతుందని 2005లో ఇద్దరు అమెరికా వైద్యులు మొదట గుర్తించారు. ముందే తెలిస్తే సర్జన్ తగిన జాగ్రత్త తీసుకుంటారు, తెలియకపోతేనే ఇబ్బంది. మందు మానేసి చాలాకాలమైనా ఆ ప్రభావం మిగిలి ఉండొచ్చు. కాబట్టి వాడి వదిలేసినా చెప్పాలి. మూత్రం మందుకూ కంటికీ సంబంధమేమిటని దాన్ని చీటీలో రాయించని వారే ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. చుక్కల మందుతో మొద్దుబార్చి చేసే ఆపరేషన్‌కు వాటిని ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు. ఆపితే గుండెకో మెదడుకో ముప్పు రావచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది కంటి లోపల ఇన్‌ఫెక్షన్. ఇది చాలా అరుదు, కానీ వస్తే కన్నే పోవచ్చు. ఈ విషయంలో మన దేశం ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. మదురై కేంద్రంగా పనిచేసే అరవింద్ కంటి ఆసుపత్రుల్లో ఆరు లక్షలకు పైగా ఆపరేషన్లను పరిశీలించారు. చివర్లో కంటి లోపలికే మోక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడం మొదలుపెట్టాక ఇన్‌ఫెక్షన్లు 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గాయని 2017లో ప్రచురించారు. పదివేలకు ఏడు కళ్లు రెండు కళ్లయ్యాయన్నమాట.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు మాక్యులాలో నీరు చేరే ఇంకో సమస్య కూడా ఉంది. షుగరు ఉన్నవారిలో ఎక్కువ. చాలావరకు చుక్కల మందులతో తగ్గుతుంది. తడి ఏఎండీ రోగిలో మాత్రం ఈ నీరు ఆపరేషన్ వల్ల వచ్చిందా, పాత జబ్బు తిరగబెట్టిందా అని తేల్చుకోవాలి. రెండింటికీ వైద్యం వేరు.

ఏ లెన్సు పెట్టించాలి?

డబ్బు ఎక్కువ పెడితే మంచి లెన్సు వస్తుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. దూరం, దగ్గర రెండూ అద్దాలు లేకుండా కనిపించేలా చేసే మల్టీఫోకల్ లెన్సులు వచ్చే కాంతిని పంచుతాయి. దాంతో వెలుగునీడల తేడా తెలిసే శక్తి కొంత తగ్గుతుంది. ఆరోగ్యమైన మాక్యులా దాన్ని సర్దుకుంటుంది. దెబ్బతిన్న మాక్యులాకు ఆ కాస్త తగ్గుదలే బరువవుతుంది. అందుకే ఏఎండీ ఉన్నవారికి సాధారణంగా మామూలు మోనోఫోకల్ లెన్సునే సూచిస్తారు. ఇవే చవక కూడా. నీలికాంతిని ఆపే పసుపు లెన్సులు మాక్యులాను కాపాడతాయన్న ప్రచారానికి నమ్మదగిన రుజువు దొరకలేదని కాక్రేన్ సమీక్ష 2018లోనే చెప్పింది. వాటివల్ల నష్టమూ పెద్దగా లేదు. వాటికోసం అప్పు మాత్రం చేయనక్కరలేదు.

ఒప్పుకునే ముందు

శుక్లం ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి పెద్దమనిషికీ ముందు కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడాలి. అనుమానం ఉంటే ఓసీటీ స్కాన్ తీయాలి. 1991లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతిలో సూది గుచ్చకుండా, నిమిషాల్లో, రెటీనా పొరలన్నీ అడ్డంగా కోసినట్టు కనిపిస్తాయి. శుక్లం మరీ దట్టంగా ఉంటే స్కాను కూడా లోపలికి చూడలేదు. అప్పుడు ఆపరేషన్ అయ్యాకే అసలు సంగతి తెలుస్తుందని డాక్టరు ముందే చెప్పాలి, చెప్పకపోతే మనమే అడగాలి. ఈ మసకలో శుక్లం వాటా ఎంత, మాక్యులా వాటా ఎంత అన్నది అడగాల్సిన తొలి ప్రశ్న. శుక్లం పలుచగా ఉండి, మాక్యులా బాగా పాడైతే ఆపరేషన్ వాయిదా వేయడమే తెలివి. శుక్లం దట్టంగా ఉంటే మాక్యులా ఎలా ఉన్నా తీయించడమే మేలు. చిక్కంతా ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లతోనే. వాళ్ల విషయంలో చార్టు కన్నా మనిషి రోజూ చేసుకునే పనులను బట్టి తేల్చాలి.

ఇంటికి వచ్చాక

తొలి రెండు వారాల్లో కన్ను నొప్పి పెరిగినా, ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆదివారమని ఆగకూడదు. ఆ తర్వాత కూడా వారానికి రెండు మూడుసార్లు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పిల్లల లెక్కల పుస్తకంలోని గళ్ల కాగితం మధ్యలో పెన్నుతో ఒక చుక్క పెట్టి, చదివే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, అడుగు దూరం నుంచి ఆ చుక్కనే చూడాలి. తర్వాత రెండో కంటితో చూడాలి. గీతలు వంకరగా కనిపించినా, కొన్ని గళ్లు మాయమైనా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉన్నా తడి రకం మొదలై ఉండొచ్చు. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే ఒక్కో కన్నూ విడిగా చూసుకోవాలి.

విటమిన్ మాత్రల గురించి అందరూ అడుగుతారు. 2013లో వెలువడిన ఏఆర్ఈడీఎస్2 సూత్రంలో విటమిన్ సి, ఇ, జింక్, రాగి, ల్యూటిన్, జియాజాంథిన్ ఉంటాయి. మధ్యస్థ దశలో ఉన్నవారికి, ఒక కంట్లో ముదిరినవారికి జబ్బు ముదిరే వేగాన్ని ఇలాంటి మాత్రలు తగ్గిస్తాయి. తొలి దశలో ఉన్నవారికి, జబ్బే లేనివారికి లాభం కనబడలేదు. బీటా కెరోటిన్ ఉన్న పాత రకం మాత్రలు పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతాయి కాబట్టి వారు వాటిని ముట్టకూడదు. తోటకూర, పాలకూర, గుడ్డులోని పచ్చసొన ఎవరైనా తినొచ్చు.

ఇంకొక సంగతి ఇళ్లలో తరచూ దాచేస్తారు. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లకు కొందరికి లేని మనుషులు, పిల్లలు, పూలు, రంగుల డిజైన్లు కనిపిస్తాయి. దెయ్యమనో, మతి చలించిందనో ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. చెబితే ఏమనుకుంటారోనని ఆ పెద్దవాళ్లు నోరు విప్పరు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చార్లెస్ బోనే తన తాతగారికి ఇలా కనిపించడాన్ని 1760లోనే రాసిపెట్టాడు. అందుకే దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు సొంతంగా బొమ్మలు కల్పించుకోవడమే ఇది. కనిపించేవి నిజం కావని ఆ మనిషికి తెలుస్తూనే ఉంటుంది. గదిలో లైటు వేసినా, చూపు మరోవైపు తిప్పినా చాలాసార్లు అవి మాయమవుతాయి. ఈసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ విషయం కూడా చెప్పండి.